పైడితల్లమ్మ శోకం: మనసుకి దెబ్బ తగిలితే మెదడులో ఏం జరుగుతుంది?



విజయనగరం సిరిమానోత్సవం మీద చేసిన వీడియోలో చింతమాను గురించి, పూజారి వంశం గురించి, తొలేళ్ళ గురించి చెప్పుకున్నాం. ఒక్క విషయం మాత్రం వీడియోలో ఇమడలేదు. అది అమ్మవారి దుఃఖం. పైడితల్లి కథలో రాక్షస సంహారం లేదు, వరాల కోసం చేసిన తపస్సు లేదు. ఉన్నదల్లా అన్నని పోగొట్టుకున్న ఒక చెల్లెలు. ఆ చెల్లెలి శోకానికే విజయనగరం ఏటా దణ్ణం పెడుతుంది.

ఈ పోస్టులో ఆ శోకాన్నే పట్టుకుని ఒక పాఠం చెప్పుకుందాం. దుఃఖం, అవమానం, పగ లాంటివి మెదడులో ఎలా పనిచేస్తాయి? దుఃఖం ఎక్కడిదాకా దుఃఖం, ఎక్కడినుంచి జబ్బు? జబ్బయితే అమ్మవారి గుడికి వెళ్ళాలా, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా? ఆఖరి ప్రశ్నకి నా జవాబు ముందే చెప్పేస్తాను: రెండు చోట్లకీ వెళ్ళాలి. ఎందుకో నిదానంగా చూద్దాం.

ముందు కథ

1757 జనవరి 24. విజయనగరం ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోటని ముట్టడించారు. కోట పడిపోవడం ఖాయమని తెలిశాక, శత్రువుల చేతికి చిక్కకూడదని లోపలి ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపుకున్నారు. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు వచ్చేసరికి మిగిలింది బూడిద. తర్వాత ఒక రాత్రి అతను విజయరామరాజు గుడారంలోకి దూరి రాజుని పొడిచి చంపాడని మన ప్రాంతం చెప్పుకునే చరిత్ర.

విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ. అమ్మవారి భక్తురాలు. యుద్ధం వద్దని ముందునుంచీ చెబుతూ వచ్చిందంటారు. అన్నకి ఆపద ఉందని తోచి పతివాడ అప్పలనాయుడిని వెంటబెట్టుకుని బయల్దేరింది. దారిలోనే అన్న పోయాడన్న కబురు తెలిసింది. అక్కడికక్కడే కుప్పకూలిపోయింది. అప్పలనాయుడు మొహం మీద నీళ్ళు చల్లితే కాస్త తెలివి వచ్చి, తాను అమ్మవారిలో ఐక్యమవుతున్నానని, తన ప్రతిమ పెద్దచెరువు పడమటి గట్టున దొరుకుతుందని చెప్పి కన్నుమూసింది. ప్రతిమ అలాగే దొరికింది, గుడి వెలిసింది. ఈనాటికీ సిరిమాను మీద కూర్చునేది ఆ పతివాడ వంశం పూజారే.

చెప్పేవాళ్ళని బట్టి కథలో చిన్న చిన్న తేడాలుంటాయి. కానీ మూడు భావాలు మాత్రం ఏ వెర్షన్‌లోనైనా ఉంటాయి: బొబ్బిలివాళ్ళ పరువు, పాపారాయుడి పగ, పైడిమాంబ శోకం.

"సోషల్" భావాలు అంటే

అడవిలో ఒంటరిగా ఉన్నవాడికి పులి కనిపిస్తే భయం వేస్తుంది. దానికి పక్కన ఇంకో మనిషి అక్కర్లేదు. మరి సిగ్గు? సిగ్గుపడాలంటే చూసేవాళ్ళుండాలి. పరువు పోవాలంటే పదిమంది ఉండాలి. పగ పట్టడానికి ఎదుట ఒకడుండాలి. శోకానికి మనం ప్రేమించిన ఒక మనిషి ఉండాలి. ఇలా ఇంకో మనిషితో ముడిపడి పుట్టేవాటిని సోషల్ ఎమోషన్స్ అంటారు. మనిషి పిల్ల పుట్టిన వెంటనే లేచి నడవలేదు, తల్లి దగ్గర లేకపోతే బతకదు. కాబట్టి బంధం తెగడాన్ని ప్రాణాపాయంలాగే చూసేలా మన మెదడు తయారైంది.

ముందు అవమానం సంగతి. 2003లో అమెరికాలో నయోమీ ఐసెన్‌బర్గర్ బృందం ఒక చిన్న ప్రయోగం చేసింది. మనిషిని ఎమ్మారై స్కానర్‌లో పడుకోబెట్టి, కంప్యూటర్‌లో ముగ్గురు బంతి విసురుకునే ఆట ఆడించారు. కాసేపయ్యాక మిగతా ఇద్దరూ ఇతనికి బంతి ఇవ్వడం మానేస్తారు. అంతే! డబ్బు పోలేదు, దెబ్బ తగల్లేదు. అయినా మెదడులో యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ అనే భాగం చురుకైంది. ఒంటికి నొప్పి కలిగినప్పుడు అది ఎంత బాధగా ఉందో పట్టించే భాగాల్లో ఇదొకటి. వెలివేసినట్టు ఎంత బాధపడ్డారో, అక్కడ చురుకుదనం అంత ఎక్కువ కనిపించింది.

అలాగని ఒంటి నొప్పీ మనసు నొప్పీ ఒకటే అనుకోకూడదు. 2014లో కొలరాడో యూనివర్సిటీ పరిశోధకులు ఇంకా సూక్ష్మంగా చూసి, రెండూ ఒకే పేటలో ఉన్నా వేరు వేరు ఇళ్ళు అని తేల్చారు. అంటే ఆ భాగం ఒకటే అయినా దాని లోపల నమూనాలు వేరు. మనకి కావాల్సిన సారం ఇది: "మాటే కదా, అంత బాధెందుకు?" అని ఎవరినైనా అనేముందు, ఆ మాట వాళ్ళ మెదడులో నిజంగానే తగిలిందని గుర్తుంచుకోవాలి.

ఇక పగ. 2004లో జ్యూరిక్ పరిశోధకులు డబ్బుతో ఒక ఆట పెట్టారు. నమ్మించి మోసం చేసినవాడిని శిక్షించే అవకాశం ఇస్తే, శిక్షించేవాడి మెదడులో కాడేట్ అనే భాగం చురుకైంది. మనకిష్టమైనది దొరుకుతుందని ఆశపడ్డప్పుడు పనిచేసే యంత్రాంగంలో అదొక భాగం. పగ తీర్చుకోవడంలో మెదడుకి ఒక తీపి ఉందన్నమాట. బొబ్బిలి కోటలో బూడిదని చూసినవాడు గుడారం వైపు ఎందుకు నడిచాడో ఇది కొంత చెబుతుంది. అయితే ఆ తీపి పోయిన ఒక్కరినీ తిరిగి తీసుకురాలేదు. ఇంకో ఇంట్లో ఇంకో చెల్లెలికి శోకం మిగిల్చింది. పైడితల్లి కథ మనకి చూపించేది ఆ రెండో ఇంటిని.

పోయినవాళ్ళ కోసం మెదడు ఎందుకు వెతుకుతుంది?

శోకం మీద నాకు బాగా గుర్తుండిపోయిన అధ్యయనం 2008 నాటిది, మేరీ ఫ్రాన్సెస్ ఓకానర్ బృందానిది. అందులో పాల్గొన్న ఆడవాళ్ళందరూ తల్లినో, తోబుట్టువునో రొమ్ము క్యాన్సర్‌తో పోగొట్టుకున్నవాళ్ళే. వాళ్ళకి పోయిన మనిషి ఫొటోలు, ఆ మరణాన్ని గుర్తుచేసే మాటలు చూపించి మెదడుని పరిశీలించారు. అందరిలోనూ నొప్పికి సంబంధించిన భాగాలు చురుకయ్యాయి. కానీ ఎన్నాళ్ళయినా శోకంలోంచి బయటికి రాలేకపోతున్నవాళ్ళలో ఇంకొకటి కూడా కనిపించింది: న్యూక్లియస్ అకంబెన్స్. మనకి కావాల్సినదాని కోసం తహతహలాడినప్పుడు పనిచేసే భాగం అది.

దీన్ని మన భాషలో చెప్పుకుందాం. ఒక మనిషితో ఏళ్ళ తరబడి బతికినప్పుడు "వాడు ఉన్నాడు, సాయంత్రానికి వస్తాడు" అన్నది మెదడులో ఒక దారిగా పడిపోతుంది. పొలంగట్టు మీద నడిచి నడిచి కాలిబాట పడ్డట్టు. మనిషి పోయాడని ఒక్క క్షణంలో తెలుస్తుంది. బాట చెరగడానికి మాత్రం నెలలు పడుతుంది. అందుకే పోయినవాళ్ళ చెప్పుల చప్పుడు విన్నట్టుంటుంది, ఫోన్ మోగితే వాళ్ళేనేమో అనిపిస్తుంది. ఇది పిచ్చి కాదు. మెదడు కొత్త సంగతి నేర్చుకుంటోంది, అంతే. చాలామందిలో ఆ నేర్చుకోవడం తనంతట తనే జరుగుతుంది. కొందరిలో అది ఆగిపోతుంది. తహతహ అలాగే మిగిలిపోతుంది.

ఈ బాట మనుషులతోనే పడాలని లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఒక కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. పడిపోయిన చెట్టుని పట్టుకుని ఏడ్చినవాళ్ళని "చెట్టే కదా" అనగలమా? తాత నాటిన చెట్టు అది, పిల్ల పెళ్ళి చేసిన చెట్టు అది.

గుండె నిజంగానే పగులుతుందా?

పైడిమాంబ కబురు వినగానే కూలిపోయిందన్న మాట చాలామంది యువతకి అతిశయోక్తిలా అనిపిస్తుంది. 1990లో జపాన్ డాక్టర్లు ఒక పరిస్థితిని వివరించారు. ఆప్తులు పోయారన్న వార్తలాంటి పెద్ద షాక్ తగిలినప్పుడు ఒత్తిడి హార్మోన్లు ఒక్కసారిగా ముంచెత్తి, గుండె ఎడమ గది కింది భాగం బుడగలా ఉబ్బి సరిగ్గా కొట్టుకోదు. చూడ్డానికి అచ్చం గుండెపోటులాగే ఉంటుంది, రక్తనాళాల్లో మాత్రం అడ్డు దొరకదు. ఉబ్బిన గుండె అక్కడి జాలర్లు ఆక్టోపస్‌ని పట్టే కుండలా ఉందని దానికి "టాకొట్సుబో" అని పేరు పెట్టారు. నడివయసు దాటిన ఆడవాళ్ళలోనే ఎక్కువగా వస్తుంది. సమయానికి ఆసుపత్రికి చేరిస్తే ఎక్కువమంది కొన్ని వారాల్లో కోలుకుంటారు.

అమ్మవారికి జబ్బు పేరు అంటగట్టడం నా ఉద్దేశం కాదు, తప్పుగా అనుకోవద్దు. నేను చెప్పేదల్లా ఇంతే. శోకం మనిషిని నేలకూల్చగలదని మన పెద్దలకి తెలుసు. ఆ మాటని గుడిగా కట్టి మనకిచ్చారు. కాబట్టి చావు కబురు విన్నవాళ్ళు ఛాతీలో నొప్పి, ఆయాసం అంటే "బెంగలే, సర్దుకుంటుంది" అనకండి. 108కి ఫోన్ చేయండి.

ఒక్క తమ్ముడు, ఇద్దరు అక్కలు

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది చీపురుపల్లి వైపు పల్లెటూరు. మా అమ్మకీ, మా పిన్నికీ ఒక్కడే తమ్ముడు. హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి వెళ్ళి పైనుంచి పడి పోయాడు. నేను అప్పటికి చిన్నపిల్లవాణ్ణి.

మా అమ్మ పదకొండు రోజులూ గుండెలు బాదుకుని ఏడ్చింది. ఒంటిమీద స్పృహ లేనట్టే ఉండేది. కొన్ని నెలలకి మెల్లగా పొలానికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇప్పటికీ సంక్రాంతికి సారె తెచ్చేవాడు లేడని కళ్ళు తుడుచుకుంటుంది. తుడుచుకుని అరిసెలు వండుతుంది.

పిన్ని సంగతి వేరు. రెండేళ్ళయినా రాత్రి అన్నం దగ్గర మావయ్యకి కంచం పెట్టేది. "గుంటడు ఇంకా రాలేదేటి?" అనేది. అతని నంబరుకి రోజూ ఫోన్ చేసేది. పెళ్ళిళ్ళకి రాదు, ఎవరితో మాట్లాడదు, తిండి సగం మానేసింది. తానూ వాడి దగ్గరికి పోతానని ఒకటి రెండు సార్లు అంది. ఊళ్ళోవాళ్ళు "తమ్ముడే గాలై పట్టేడు" అన్నారు. ఎజ్జోడిని పిలిచారు. వేపమండలు, మిరపకాయల పొగ, తాయెత్తు అన్నీ అయ్యాయి. పిన్ని ఇంకా ముడుచుకుపోయింది. చివరికి ఊరి ఆశా కార్యకర్త పట్టుబట్టి విశాఖలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి పంపింది. మందులు, వాటితోపాటు వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించడం. మావయ్య గురించి, ఆ రోజు గురించి, చెప్పకుండా మిగిలిపోయిన మాటల గురించి. ఆ ఏడాది చివరికల్లా పిన్ని కంచం తీసేసి, మావయ్య ఫొటో గోడకి తగిలించింది. అంతవరకూ ఆ ఫొటోకి దండ వేయనివ్వలేదు.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు. ఇద్దరూ పైడితల్లికే మొక్కారు. భక్తిలో పిన్నిదే ఒక మెట్టు పైన. ఒకరు కోలుకుని ఒకరు చిక్కుకుపోవడం భక్తి లెక్క కాదు. ఇద్దరు మనుషులు ఒకే గుంటలో పడితే ఒకరికి గీత పడి, ఒకరికి కాలు విరిగినట్టు.

ఎప్పుడు జబ్బు అంటారు?

పిన్ని లాంటి పరిస్థితికి ఇప్పుడు వైద్యంలో ఒక పేరుంది: ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్, అంటే వదలని శోకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ప్రకారం కనీసం 6 నెలలు, 2022లో వచ్చిన అమెరికన్ సైకియాట్రీ మాన్యువల్ ప్రకారం పెద్దవాళ్ళలో కనీసం 12 నెలలు దాటాలి. అప్పటికీ పోయినవాళ్ళ కోసం తహతహ దాదాపు రోజూ ఉండాలి, బతుకు స్తంభించిపోవాలి, అది ఆ కుటుంబం, ఆ సంప్రదాయం పాటించే దుఃఖాన్ని మించి ఉండాలి. ఆఖరి షరతు గమనించండి. సంవత్సరీకం దాకా శుభకార్యాలు చేయని ఇల్లు జబ్బున పడినట్టు కాదని వైద్యులే రాసుకున్నారు.

డిప్రెషన్ దీనికి దగ్గర చుట్టం, కానీ వేరు. శోకంలో మనసు పోయిన మనిషి చుట్టూ తిరుగుతుంది. డిప్రెషన్‌లో దేనిమీదా ఇష్టం ఉండదు, "నేను పనికిరానివాణ్ణి, అందరికీ భారం" అన్న అపరాధభావం తొలుస్తుంది. 1999లో హెలెన్ మేబర్గ్ బృందం ఒక ముఖ్యమైన సంగతి చూపించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు తమ జీవితంలో దుఃఖకరమైన ఘటనని తలుచుకుంటే మెదడు లోతులో, నుదుటికి వెనక, సింగ్యులేట్‌లో అడుగు భాగం చురుకవుతుంది. అదే సమయంలో ఆలోచనని, ధ్యాసని నడిపే పై భాగాలు నెమ్మదిస్తాయి. డిప్రెషన్ తగ్గుతున్నవాళ్ళలో సరిగ్గా దీనికి ఎదురుగా జరిగింది: అడుగు భాగం చల్లబడింది, పై భాగాలు మేలుకున్నాయి. అందరిలో ఉన్న యంత్రమే. ఒకరిలో తిరిగి ఆగుతుంది, ఇంకొకరిలో ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. "కాస్త మనసు దిటవు చేసుకో" అన్న సలహా అక్కడ పనిచేయదు. దిటవు చేసుకోవాల్సిన భాగమే నీరసించి ఉంది కదా!

వదలని శోకానికి ప్రత్యేకమైన మాటల చికిత్స ఉంది. కాథరిన్ షియర్ అనే వైద్యురాలు రూపొందించిన పద్ధతిలో 16 సిట్టింగులు. 2016లో వచ్చిన ఆమె అధ్యయనంలో శోకాన్ని కదిలించింది ఆ మాటల చికిత్స. డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే శోకం పెద్దగా తగ్గలేదు. ఆ చికిత్సకి మందు తోడైతే డిప్రెషన్ లక్షణాలు ఇంకా బాగా తగ్గాయి. ఎవరికి ఏది కావాలో తేల్చాల్సింది డాక్టరే.

"గీత చదివితే పోదా?"

ఈ ప్రశ్న మన ఛానెల్‌కి తరచుగా వస్తుంది. గీత మొదటి అధ్యాయం తెరవండి. అర్జునుడికి ఒళ్ళు వణికింది, నోరెండింది, రోమాలు నిక్కబొడుచుకున్నాయి, చర్మం మండింది, గాండీవం జారింది, నిలబడలేకపోయాడు. భయం, శోకం కలిసి నాడీవ్యవస్థని ముంచితే ఏమవుతుందో అంత చక్కగా రాసిన పుస్తకం ప్రపంచంలో అరుదు. అప్పుడు కృష్ణుడు ఏం చేశాడు? పక్కనే ఉన్నాడు. అర్జునుడు చెప్పేదంతా చెప్పనిచ్చాడు. తర్వాత చాలాసేపు మాట్లాడాడు. అడిగిన ప్రతి సందేహానికీ జవాబిచ్చాడు.

గీత నాకు ప్రాణం. కానీ అర్జునుడిది ఒక్క ఉదయం వచ్చిన విషాదం. నెలల తరబడి నిద్ర, ఆకలి పోయి, పుస్తకంలో ఒక పేజీ మీద ధ్యాస నిలవని మనిషి చేతిలో గీత పెట్టి "చదువు, పోతుంది" అంటే, అది చదవలేకపోయినందుకు ఇంకో అపరాధభావం తగిలించినట్టే. ముందు చదవగలిగే స్థితికి తీసుకురావాలి. దానికి వైద్యం కావాలి.

గాలి, పూనకం, ఇంట్లో మాట

పండగ రోజు అమ్మవారు పూని, వాక్కు చెప్పి, కాసేపటికి మామూలైపోయేవాళ్ళని జబ్బుమనుషులు అనడానికి వీల్లేదు. ఆచారంలో భాగంగా, అందరూ ఒప్పుకున్న చోట వచ్చే పూనకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బుగా లెక్కించదు. గుడి బయట, పండగ కాని రోజుల్లో, తనకి ఇష్టం లేకుండా వచ్చి, మనిషిని బాధపెట్టి, బతుకు పాడుచేస్తే అప్పుడు చూపించాలి.

చెవిలో గొంతులు వినిపించడం కూడా అంతే. స్టాన్‌ఫర్డ్ మానవశాస్త్రవేత్త తాన్యా లూర్మన్ బృందం కాలిఫోర్నియా, ఘనాలోని అక్రా, మన చెన్నై, ఈ మూడు చోట్లా గొంతులు వినిపించే జబ్బున్నవాళ్ళతో మాట్లాడింది, చోటుకి 20 మంది. అమెరికాలో అవి ఎక్కువగా తెలియని, హింసాత్మకమైన గొంతులు. చెన్నైలో చాలామందికి చుట్టాల గొంతులు: స్నానం చెయ్యి, వంట చెయ్యి అని పురమాయించేవి, తిట్టేవి కూడా. జబ్బు మెదడుదే. దానికి మాటలు మాత్రం మన ఇంటి నుంచే వెళ్తున్నాయి.

ఆ ఇంటి మాటకి ఎంత బలముందో ఇంకో పరిశోధన చెబుతుంది. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త గమనించిందేమిటంటే, స్కిజోఫ్రీనియా నుంచి కోలుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళలో, ఇంట్లో ఎత్తిపొడుపులు, విమర్శలు ఎక్కువగా ఉన్నవాళ్ళకి జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. తర్వాత చండీగఢ్‌లో చూస్తే అక్కడి కుటుంబాల్లో లండన్ కంటే ఆ విమర్శలు తక్కువగా ఉన్నాయి. ఉమ్మడి ఇంటి ఓర్పు ఒక మందులా పనిచేస్తుందన్నమాట. ఆ మందు మన చేతిలో ఉంది. దాన్ని సిగ్గుతో పాడుచేసుకోకూడదు.

ఎందుకంటే పరువు కోసం దాచడం మనుషుల్ని చంపుతుంది కూడా. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, నమ్మకంతో రోగుల్ని వదిలివెళ్ళే ఒక ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉండటంవల్ల 28 మంది పారిపోలేక కాలిపోయారు. అది ఏ మతం అన్నది పక్కనపెట్టండి, గొలుసులు అన్ని చోట్లా ఉండేవి. మన ఉత్తరాంధ్ర ఏజెన్సీలోనూ జబ్బుకి కారణం చిల్లంగి అని పక్కింటి మనిషిని చంపిన కేసులున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదని చెబుతుంది. ప్రాణం తీసుకోబోయినవాళ్ళని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగా చూసి ఆదుకోవాలనీ అదే చట్టం చెబుతుంది.

ఇది ఎక్కడో ఎవరికో వచ్చే సమస్య కూడా కాదు. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో ప్రతి 10 మంది పెద్దవాళ్ళలో దాదాపు ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. చాలా జబ్బుల్లో 70 శాతానికి పైగా మందికి చికిత్సే అందడం లేదు.

మనం ఏం చేయొచ్చు?

పదకొండు రోజుల కర్మ, పలకరింపులు, చుట్టాలు వండి తెచ్చే కూడు, సంవత్సరీకం, మహాలయ పక్షాలు, ఇవన్నీ దుఃఖాన్ని పదిమంది పంచుకునే ఏర్పాట్లు. సిటీలో ఉండే మనం మూడు రోజుల లీవు తీసుకుని, నాలుగో రోజు ల్యాప్‌టాప్ తెరుస్తున్నాం. కాబట్టి కావాలని చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

1. కర్మకాండ పూర్తిగా చేయండి, ఏడవనివ్వండి. "ఏడిస్తే ఆత్మ శాంతించదు" అని నోరు నొక్కేయకండి.

2. పదకొండో రోజు తర్వాతే ఇల్లు ఖాళీ అవుతుంది. ఫోన్ చేయాల్సింది అప్పుడు. మూడో నెలలో చేయండి, తొలి పండక్కి చేయండి. పోయినవాళ్ళ పేరెత్తి మాట్లాడండి.

3. రెండు వారాలకి మించి నిద్ర, తిండి, పని దెబ్బతిన్నా, తాను పనికిరానని అంటున్నా, లేని గొంతులు వినిపిస్తున్నా డాక్టర్‌కి చూపించండి. చచ్చిపోవాలని ఉందన్న మాట వస్తే ఆ రోజే. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

4. టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. శ్రీకాకుళం, విజయనగరంలో ఉండేవాళ్ళు జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ బోధనాసుపత్రిలో ముందు అడగండి.

5. మొక్కు మొక్కుకోండి, మందు ఆపకండి. బాగున్నట్టు అనిపించినా డాక్టర్ చెప్పకుండా మానొద్దు.

విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం, మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోటదాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలిరథం, బెస్తవారి వల. పైడితల్లి పుట్టింటికి వస్తోందని ఊరు చెప్పుకుంటుంది. అన్న లేని పుట్టిల్లు అది. ఒక ఆడపడుచు దుఃఖాన్ని రెండున్నర శతాబ్దాలు దాటినా ఊరంతా కలిసి మోస్తోంది. మన ఇంట్లో మౌనంగా కూర్చున్న పిన్నినో, అన్ననో, స్నేహితుణ్ణో కూడా అలాగే కలిసి మోద్దాం. ఈ వారం ఒక్కరికి ఫోన్ చేసి "ఎలా ఉన్నావు?" అని అడగండి. అడిగాక జవాబు పూర్తిగా వినండి.

అమ్మ అందరినీ చల్లగా చూడాలి. జై పైడిమాంబ!